పరదేశపు పంక్తిలో పసివాండ్రు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: అయ్యా, మా వారు ఒసాకాలో ఉద్యోగము చేయుచున్నారు. మా ఆరేండ్ల అబ్బాయిని, మూడేండ్ల అమ్మాయిని వెంటబెట్టుకొని వేసవి సెలవులకు అచ్చటికి పోవుచున్నాను. అంత దూరము పోయి ఇడ్లీ, పూరీల కొఱకు వెదకుట నా కిష్టము లేదు. ఆ దేశపు ప్రాంతీయములైన వంటలు రుచి చూడవలెనని కోరిక. మా యింట గ్రుడ్డు తప్ప నీచు లేదు. బిడ్డలు పస్తుండకుండ ఈ కోరిక తీరు మార్గమేమి?
— ఒక గృహిణి, నరసరావుపేట

జవాబు: అమ్మా, జపాను వంట యని ఒక్క వంట లేదు. పిండియు క్యాబేజీయు కలిపి పెనముపై కాల్చెడి ఒకోనొమియాకి ఒసాకాలో ఒక రూపమున నుండి, హిరోషిమాకు పోవునప్పటికి పొరలు పొరలుగా, నడుమ నూడుల్స్‌తో వేఱొక రూపము దాల్చును. కావున పసిబిడ్డలతో పోవువారు ఏడెనిమిది పట్టణములు చుట్టి రావలెనను ఉబలాటమును విడిచి, ఏదేని ఒక్క సీమ నెన్నుకొని, అచ్చటి వంట ఆ నేల నుండి ఎట్లు పుట్టినదో బిడ్డలకు కన్నులార చూపుట మేలు. పుట్టుక చూచిన వంటను పిల్లలు నమ్ముదురు. ఎదుట హఠాత్తుగ పెట్టిన పళ్ళెమును శంకింతురు.

పలనాటివారికి నేను సూచించు సీమ షికోకు ద్వీపమందలి కగావా. దాని పాత పేరు సానుకి. ఒసాకా నుండి ఒకాయామా దాక షిన్‌కన్‌సెన్ రైలులో పోయి, అచ్చట మఱొక రైలెక్కి, 1988లో తెఱచిన సేతో మహాసేతువు మీదుగా సముద్రమును దాటినచో తకామాత్సు చేరుదురు. వానలు తక్కువ, పెద్దనదులు లేవు. అందుచేత అచ్చటివారు వేలకొలది చెరువులు త్రవ్వుకొనిరి, నీరు చాలని చోట గోధుమను నమ్ముకొనిరి. ఆ గోధుమపిండితో, ఉప్పునీటితో చేసిన లావుపాటి నూడుల్సే సానుకి ఉదోన్. నీటిలేమి జొన్నను మన కిచ్చినట్లే వారికి ఉదోన్ నిచ్చినదని చెప్పినచో మీ అబ్బాయికి సులభముగా బోధపడును.

ఆ సీమలోని జెంత్సూజి యనుచోట 774లో జన్మించిన కూకాయ్ అను బౌద్ధాచార్యుడు, తెగిపోయిన మన్నో చెరువు కట్టను 821లో బాగుచేయించెను. చీనా నుండి ఉదోన్‌ను తెచ్చిన వాడును ఆయనయే యని అచ్చటివారి ఐతిహ్యము. నిజమో కాదో గాని, చెరువు మాత్రము నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. ఆయన స్థాపించిన షింగోన్ శాఖవారు తమ గురుపరంపరలో నాగార్జునాచార్యుని గణింతురు. మాచర్ల దాపున నున్న కొండ కెవని పేరు నిలిచినదో ఆ మహనీయుడే సముద్రముల కావల మీకు ఎదురగుట వింత గాదా!

ఇక భోజనము సంగతి. ఉదోన్ పిండిముద్దను గోనెలోనో గుడ్డలోనో చుట్టి కాళ్ళతో త్రొక్కుట అచ్చటి పద్ధతి. కొతోహిరాలోని ఉదోన్ పాఠశాలలలో బిడ్డలచేత గూడ, పాటలు పెట్టి మఱీ, త్రొక్కింతురు. తాము త్రొక్కిన దానిని తినని బిడ్డ నెందును చూడబోము. జుఱ్ఱుమని చప్పుడు చేయుచు తినుట అచ్చట తప్పుగాదు. ఇంట మన మదలించెడి చేష్టకు అచ్చట సెలవు దొరకుట పిల్లలకు పరమానందము. చిన్న గిన్నె యడిగి, అదనపు ఖాళీ గిన్నెలోనికి పంచి పెట్టుడు. పెక్కు అంగళ్ళు ప్రొద్దుట తెఱచి, నూడుల్స్ అయిపోగానే మధ్యాహ్నము దాటీ దాటక మూయుదురు గనుక సాయంకాలమునకు వాయిదా వేయకుడు.

మీరు జాగ్రత్త పడవలసినది ఉదోన్‌తో వచ్చు రసము విషయమున. చూపునకు తేటనీరువలె నుండు ఆ రసము ఎండుచేపలతో కాచినది. ఉడికించిన ఉదోన్‌పై సోయా సాస్ మాత్రము చిలికించి ఇమ్మనుడు. ఆ సాస్‌లో సైతము చేపల సారము కలిసినదేమో యడుగుడు. పచ్చి గ్రుడ్డు కలిపి యిచ్చెడి వంటకమును ఇంత చిన్నవారికి పెట్టకుడు. బంకబంకగా సాగు మోచి గొంతున కడ్డుపడు ప్రమాదము కలది గనుక మూడేండ్ల పిల్లకు బొత్తిగా కూడదు. సోబా యనునది ఉదోన్ కాదు. బక్‌వీట్ గింజల పిండితో చేసినది, కొందఱు పిల్లలకు తీవ్రమైన ఎలర్జీ కలిగించును.

సంకోచము లేక తినవలెనన్నచో తిరిగివచ్చునప్పుడు ఒసాకా నుండి కోయా పర్వతమున కెక్కుడు. కూకాయ్ 816లో నెలకొల్పిన ఆ క్షేత్రమున మఠములలోనే బస చేయవచ్చును. అచ్చటి షోజిన్ భోజనమున చేప లేదు, మాంసము లేదు. ఉల్లి వెల్లుల్లులు సైతము సంప్రదాయముగా నిషిద్ధములు. నువ్వుల ముద్దతో చేసిన గోమా-దోఫు మెత్తగా జాఱిపోవును. నువ్వుల రుచి మన బిడ్డలకు క్రొత్త గాదు. రాత్రి భోజనము ప్రొద్దుగ్రుంకు వేళకే పెట్టుట మఱొక సదుపాయము. బస కోరునప్పుడే బిడ్డల వయస్సులు తెలుపుడు.

ప్రశ్న: టోక్యోలో నిషికసాయిలో పెరుగుచున్న మా మనుమలు కార్తీకమున వచ్చుచున్నారు. కారము తగిలినచో కన్నీరు పెట్టుకొందురట. మన పలనాటి తిండి వారికెట్లు పెట్టవలెను?
— ఒక తాత, మాచర్ల

జవాబు: అయ్యా, పలనాటి జొన్నకూటిని శ్రీనాథుడంతటి వాడు ఎగతాళి చేసిపోయెను. సన్నన్నమునకు మరిగిన నాలుక జొన్నను మెచ్చకపోవుట సహజమే; అందులకు సీమను దూషించుట మాత్రము అన్యాయమని నా అభిప్రాయము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరపు ఆనకట్టకు శంకుస్థాపన జరిగి, 1967లో కుడికాలువకు నీరు వచ్చిన తరువాత మన పళ్ళెములలో జొన్న వెనుకకు జరిగినది. మీ మనుమలకు ముందుగా ఆ జొన్ననే పెట్టుడు. పొయ్యి దగ్గఱ కూర్చుండబెట్టి, గుప్పెడు పిండిని వారి చేతనే తట్టించి, వేడి రొట్టెపై వెన్నయు బెల్లమును పెట్టి యిండు. గోంగూర పచ్చడిని వారి విస్తరి దరికి రానీయకుడు. కారము తగ్గించి వండిన గోంగూరపప్పులో నేయి కలిపి పెట్టుడు. ఒక రోజు వద్దన్నచో మఱునాడు మారుమాట లేక మరల పెట్టుడు. బుజ్జగింపులు, పందెములు వలదు.

కార్తీకమనుచున్నారు గావున, కారంపూడి వీరుల తిరునాళ్ళకు తీసికొని పొండు. కులభేదము పాటింపక అందఱిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి పూర్వము పలనాటి మంత్రి బ్రహ్మనాయుడు పెట్టించిన చాపకూడును అచ్చట నేటికిని నడుపుదురు. చాపమీది భోజనము జపానులో పెరిగిన పిల్లలకు ఎబ్బెట్టు గాదు. త్రాగునీరు మాత్రము కాచి చల్లార్చినది ఇంటి నుండియే పట్టుకొని పోవలెను. మఱునాడు ఎత్తిపోతల జలపాతమునకును, లాంచిలో నాగార్జునకొండకును తీసికొని పోవచ్చును. సాగరపు చేపల వేపుడు పెట్టదలచినచో ముండ్లు మీ చేతితో తీసి పెట్టుడు.

ప్రశ్న: మా నాలుగేండ్ల వాడు పెరుగన్నము తప్ప ముట్టడు. జపానుకు బియ్యము, కుక్కరు మోసికొని పోవలెనా?
— ఒక తల్లి, గురజాల

జవాబు: వలదమ్మా. బియ్యమునకు సస్య తనిఖీ పత్రము కావలెను. అది లేక తీసికొని పోయినచో విమానాశ్రయముననే విడువవలసివచ్చును. అచ్చటి పొట్టిబియ్యపు అన్నము ముద్దగా నుండి పెరుగున కలుపుటకు మన బియ్యముకంటెను అనుకూలము. వండి మూసిన అన్నపు పెట్టెలును, చక్కెర లేని పెరుగును సామాన్యపు దుకాణములలోనే దొరకును. దినమున కొక పూట ఆ పెరుగన్నమే పెట్టి, రెండవపూట మీరు తినుచున్న దానిలో చెంచాడు ప్రక్కన ఉంచుడు. అన్నపుముద్దలు కొనునప్పుడు పెక్కింటి నడుమ చేప యుండునని గుర్తుంచుకొనుడు. ఉప్పు మాత్రమే వేసినవియు కలవు. కుక్కరు సంగతి యందురా, అచ్చటి విద్యుత్తు 100 వోల్టులే. మన విద్యుత్ కుక్కరున కది చాలదు.