నేల చూసి పళ్లు ఎంచుకో

చిరంజీవి అల్లుడికి,

మహమ్మద్‌నగర్ నుంచి మీ మామ ఆశీర్వదించి రాయునది. నీ రిమోట్ నైట్రో ట్రక్కుకు 13 పళ్ల క్లచ్ బెల్ తీసేసి 15 పళ్లది వేస్తానని, దీపావళికి తెచ్చి మన పొలాల్లో ఉరికిస్తానని రాశావు. ఆ బెల్ బిగించకముందే ఈ నాలుగు మాటలు చదువు. బొమ్మ బండి అని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మన షెడ్డుకొచ్చే ట్రాక్టరుకూ దానికీ పళ్ల లెక్క ఒక్కటే.

ముందు లెక్క చూడు. నీ బండి స్పర్‌కు, అంటే బెల్ తిప్పే పెద్ద గేరుకు, 48 పళ్లు, బెల్‌కు 13. భాగిస్తే 3.69. డిఫరెన్షియల్‌లో క్రౌన్‌కు 43, పినియన్‌కు 10, అంటే 4.3. రెండూ గుణిస్తే దాదాపు 15.9. ఇంజన్ అన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట. టైరు చుట్టుకొలత 44 సెంటీమీటర్లనుకో. ఇంజన్ నిమిషానికి 30 వేల చుట్లు తిరిగినప్పుడు గంటకు 50 కిలోమీటర్లు వస్తుంది. 15 పళ్ల బెల్ వేస్తే అదే లెక్కన 58 దాకా పోతుంది. కానీ చక్రం దగ్గర లాగే బలం 13 శాతం పడిపోతుంది. పైగా ఆ 58 రావాలంటే ఇంజన్ ఆ బరువుతో 30 వేల చుట్లు అందుకోవాలి. సాఫు సీసీ రోడ్డు మీద అందుకుంటుందేమో. వరి కోసిన మడిలో, కొయ్యకాళ్ల మధ్య, ఒడ్లు ఎక్కిదిగుతూ అందుకోదు.

నిజాంసాగర్ కాలువ కింద యాసంగి కరిగెట్లు చూస్తూనే పెరిగావు కదా. కేజ్‌వీల్స్ కట్టిన ట్రాక్టరును ఎవరూ టాప్ గేరులో బురదలోకి దించరు. ఇంజన్‌లో ఎంత బలమున్నా, ఆ నేలకు తగిన గేరు వేస్తేనే అది చక్రానికి చేరుతుంది. నీ బండికి చేతితో మార్చే గేరు లీవరు లేదు. బెల్ పళ్లే నీ గేరు. టైరు సైజు కూడా గేరు కిందే లెక్క: పెద్ద టైరు వేస్తే పళ్లు పెంచినంత పనే అవుతుంది.

పళ్లు ఎక్కువైతే మొదట నష్టపోయేది క్లచ్. కదిలేటప్పుడు షూలు బెల్‌ను పట్టుకోలేక జారుతూ రాసుకుంటాయి. షూలు అరుగుతాయి, బెల్ కాలుతుంది, లోపలి బేరింగ్ పట్టేస్తుంది. ఇంజన్ కూడా ఊపిరాడక వేడెక్కుతుంది. అప్పుడు చాలామంది కార్బురేటర్ నీడిల్ విప్పి ఇంధనం ఎక్కువ పోసి చల్లబరుస్తారు. జబ్బు గేరులో ఉంటే మందు కార్బురేటర్‌కు వేసినట్టే అది. ఇక నీడిల్ మరీ బిగిస్తే ఇంకా ముప్పు. ఈ ఇంజన్‌కు వేరే ఆయిల్ సంపు లేదు, ఇంధనంలో కలిసిన నూనే దాని ప్రాణం. ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గి పిస్టన్, స్లీవ్ పాడవుతాయి. కాబట్టి థర్మామీటర్ కొను. హెడ్డు వేడి 105 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేట్టు చూసుకో. అలాగని పళ్లు మరీ తగ్గించకు. పై వేగంలో ఇంజన్ ఊరికే కేకలు పెడుతూ తిరిగితే కనెక్టింగ్ రాడ్‌కు చేటు.

బెల్ మార్చినప్పుడల్లా ఇంజన్ జరిపి పళ్ల సందు మళ్లీ కుదర్చాలి. బెల్‌కూ స్పర్‌కూ మధ్య పలుచని కాగితం ముక్క పెట్టి, దగ్గరకు నొక్కి, ఇంజన్ స్క్రూలు బిగించి, కాగితం తీసెయ్. వేలితో కదిపితే కొద్దిగా ఆట ఉండాలి. స్పర్‌ను ఒక చుట్టు తిప్పి నాలుగైదు చోట్ల చూడు. ఒకచోట బిగుసుకుంటే ఆ చోటుకు తగినట్టు వదులు చెయ్. ఇనుము ఇనుములోకి దిగే స్క్రూలకు థ్రెడ్‌లాక్ వెయ్యి, ప్లాస్టిక్‌లోకి దిగేవాటికి వద్దు.

ఇక డిఫరెన్షియల్ సంగతి. చక్రం ఒకటి గాలిలో లేస్తే బలమంతా దానికే పోయి ఊరికే తిరుగుతుంది. ట్రాక్టరుకైతే డిఫ్ లాక్ పెడల్ తొక్కుతాం. నీ బండిలో ఆ పని కొంతవరకు డిఫరెన్షియల్‌లో పోసే సిలికాన్ ఆయిల్ చిక్కదనం చేస్తుంది. ముందు డిఫ్‌లో 5000, నడుమ డిఫ్‌లో 7000, వెనక డిఫ్‌లో 3000 నంబరు ఆయిల్‌తో మొదలుపెట్టు. ముందు టైర్లు గాలికి తిరిగి ఉబ్బుతుంటే నడుమ ఆయిల్ చిక్కన చెయ్. గతుకుల్లో బండి ఎగిరెగిరి పడుతుంటే పలుచన చెయ్. మన షెడ్డులోని గేర్ ఆయిల్ మాత్రం అందులో పొయ్యకు.

మీ కాలేజీ పిల్లలు తాము కట్టిన బండ్లతో పోయే బాహా పోటీ తెలుసు కదా. పీతంపూర్‌లో జరిగిన ఆ పోటీలో ఏళ్లపాటు పెట్రోల్ బండ్ల జట్లన్నిటికీ ఒకే 10 హార్స్‌పవర్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజనే. అందరి బలమూ సమానమైనప్పుడు దాన్ని చక్రం దాకా ఎట్లా తెచ్చారన్న దాంట్లోనే తేడా. నీకూ అదే పాఠం.

ఇంకొక్క మాట. ఆ ఇంధనంలో ఉండేది మిథనాల్, విషం. దాని మంట పగటి వెలుతురులో సరిగ్గా కనబడదు. ఎండుగడ్డి కుప్పల దగ్గర ఇంధనం పొయ్యకు, వేడి సైలెన్సర్‌ను గడ్డికి తగలనివ్వకు, పిల్లలకు డబ్బా అందనివ్వకు.

15 పళ్ల బెల్ కొనే డబ్బుతో 14 పళ్లది ఒకటి కొను. పొలంలో 13, రోడ్డు మీద 14. ఒకసారి ఒక్క పన్నే మార్చు, వేడి చూడు, కాగితం మీద రాసుకో. ఆ కాగితం దీపావళికి బండితో పాటు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామ