నీళ్ల కింద నడిచే ఓడ
మన నందిగామ మునేట్లో ఖాళీ బిందె తేలుతుంది, నీళ్లు నిండితే మునుగుతుంది. జలాంతర్గామి కిటుకు కూడా ఇదే. దాని ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు వదిలితే కిందికి దిగుతుంది, గాలితో ఆ నీళ్లు బయటికి నెడితే పైకొస్తుంది.

1775లో అమెరికాలో బుష్నెల్ చేసిన 'టర్టిల్'లో ఒక్క మనిషే పట్టేవాడు. మర కూడా అతనే తిప్పాలి. 1900లో అమెరికా నౌకాదళం కొన్న 'హాలండ్' నీటిపైన పెట్రోలు ఇంజనుతో, నీళ్ల కింద బ్యాటరీతో నడిచింది. ఎందుకంటే ఇంజనుకు మనలాగే గాలి కావాలి. బ్యాటరీ అయిపోతే పైకి రావాల్సిందే. వస్తే శత్రువు చూస్తాడు!

డీజిలుతో, బ్యాటరీతో నడిచిన మన 'కుర్సురా' 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది. 2002 నుంచి విశాఖ బీచిలో మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు.

మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. సెలవులకు పోయినప్పుడు మా అమ్మకు ఈ పాఠం బిందెతోనే చెప్తాను.