పాత లారీలో పవర్ స్టీరింగ్ పంపు మోత, ఆయిల్ కారుట

మంచేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల నుండి బెంగళూరుకు సరుకు తెచ్చు పాత లారీల యజమానులు, డ్రైవర్లు ఈ పాఠమును గమనింపగలరు.

పంపు మోత చేయుచున్నచో మొదట ఆయిల్ మట్టమును చూడవలెను. ఆయిల్ తగ్గినప్పుడు పంపు గాలిని పీల్చును. ఆయిల్‌లోని నురుగు దానికి గుర్తు. ఆయిల్ పోసి ఊరకుండుట మరమ్మతు కాదు. కారుచున్న చోటును కనుగొనవలెను.

ఇంజను చల్లారిన పిదప పంపును, గొట్టములను గుడ్డతో తుడిచి, కొంతసేపు నడిపి, మరల ఆపి తడిచోటును వెదకవలెను. ఇంజను నడుచుచుండగా గొట్టములను చేతితో తడుమరాదు. ఒత్తిడితో వెలువడు సన్నని ధార చర్మములోనికి దిగగలదు. క్లిప్పు వదులైన బిగింపవలెను. గొట్టము చీలిన మార్పింపవలెను.

ఇంజను గేరుతో తిరుగు పంపులో సీలు చెడినచో బయట చుక్కయైనను కనబడకపోవచ్చును. ఆయిల్ ఇంజనులోనికి చేరును. స్టీరింగు ఆయిల్ తగ్గుచు, ఇంజను ఆయిల్ పెరుగుచున్న లారీని నడపక మెకానిక్కుకు చూపవలెను.

మరమ్మతు పిదప, తయారీదారు సూచించిన ఆయిల్ పోసి, ముందు చక్రములను లేపి స్టాండ్లపై నిలిపి, ఇంజను ఆపియే స్టీరింగును ఇరువైపులకు మెల్లగా పలుమార్లు త్రిప్పి గాలిని తీయవలెను. మట్టము తగ్గినకొలది ఆయిల్ నింపుచుండవలెను.

పంపు ఆగినను స్టీరింగు తిరుగును; కాని మిక్కిలి బరువెక్కును. నిండు సరుకుతో మలుపు తిరుగువేళ అది ప్రాణాపాయము. పాత ఆయిల్‌ను మురుగుకాలువలో పోయరాదు.