సంచే పీట

నాన్నకో అమ్మకో బదిలీ అయిందంటే మనకు సామాను, స్టేషను తప్పవు. 2025 మార్చి 30న రాయ్‌పూర్–అభన్‌పూర్ మెము రైలు మొదలైంది. అభన్‌పూర్‌లో రైలు కోసం ఎదురుచూసేటప్పుడు వీపు మీది సంచే పీటగా మారితే? ఎలా చేయాలో చూద్దాం.

గుణకారం గుర్తులా రెండు జతల అల్యూమినియం గొట్టాలను బోల్టులతో కలుపుదాం. పైన మందపాటి గుడ్డ కుడదాం. కూర్చోగానే కాళ్లు విడిపోబోతాయి. బిగిసిన గుడ్డే వాటిని ఆపుతుంది. అందుకే కుట్టు గట్టిగా ఉండాలి.

2020 బడిసంచి విధానం ప్రకారం సంచి బరువు మన బరువులో పదోవంతు దాటకూడదు. 30 కిలోలు ఉన్నవారికి 3 కిలోలే. పీట ఒక కిలో అయితే పుస్తకాలకు, డబ్బాకు మిగిలేది 2.

మరి గొట్టం సన్నం చేద్దామా? మోసేది మనమే, రైలు ఆలస్యమైతే కూర్చునేది మాత్రం నానమ్మ. ముందు 25 కిలోల బియ్యం బస్తాలు మూడు పెట్టి చూద్దాం. పీట నిలిస్తేనే నానమ్మను కూర్చోమందాం.