పరరాష్ట్రమున వాడిన ట్రాక్టరును కొనుట యెట్లు?

క్రొత్త ట్రాక్టరు కొనజాలని రైతులు వాడిన బండ్లను వెదకుచున్నారు. పొరుగు రాష్ట్రమున వెల తక్కువయని విని, ఫోనులో బొమ్మను జూచి, బయానా పంపువారును గలరు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడిపించి, కాడి గట్టి చూచిన పిమ్మట గదా రూకలిత్తుము! అంతకు నెన్నో రెట్లు వెలగల యంత్రము విషయమున అంతకన్న తక్కువ జాగ్రత్త తగునా? రాయచూరు రైతు బండిని గద్వాల రైతు కొనుచున్నాడనుకొని, క్రమమును తెలిపెదము.

1. యాజమాన్యము

ముందుగా ఆర్.సి. చూడవలెను. అందలి పేరును, అమ్మువాని ఆధారు కార్డులోని పేరును ఒకటియై యుండవలెను. "మా బావమరిది బండి, సంతకము నేను పెట్టెదను" అను మాట వినరాదు. చాసిస్, ఇంజను నంబర్లను బండిపై చెక్కిన యంకెలతో స్వయముగా సరిచూడవలెను. అంకెలను గీకి మరల కొట్టినట్లు తోచినచో తిరిగివచ్చుటయే మేలు.

ఆర్.సి.లో బ్యాంకు పేర తాకట్టు వ్రాసియున్నచో, బ్యాంకు వారి బాకీలేని పత్రమును, ఫారము 35ను తెప్పించి, ఆ వ్రాతను కొట్టివేయించిన గాని పూర్తి వెల చెల్లింపరాదు. బాకీగల బండిని దుక్కి వేళ పట్టుకొనిపోయినచో పైకమును పోవును, అదనును పోవును.

2. నిరభ్యంతర పత్రము

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 48వ సెక్షను ప్రకారము అమ్మువాడు ఫారము 28తో దరఖాస్తు చేసి, రాయచూరు రవాణా కార్యాలయము నుండి ఎన్.ఓ.సి. పొందవలెను. పన్ను బకాయి లేదనియు, దొంగతనపు కేసు లేదనియు విచారించిన పిదపనే దాని నిత్తురు. కావున కొనువానికి నదియే పెద్ద రక్ష. ఫారములు 29, 30 మీద అమ్మువాని సంతకములను గూడ తీసికొనవలెను.

బండి కొనిన 30 దినములలో మన రవాణా కార్యాలయమునకు తెలిపి పేరు మార్పించుకొనవలెను. 12 నెలలకు మించి యిచ్చట నుంచునెడల మన రాష్ట్రపు నంబరు తప్పనిసరి. ఇచ్చటి పన్ను, రుసుము లెంతయో బేరమునకు ముందే విచారించి వెలతో కలిపి చూచిన గాని, బండి చవుకయో ప్రియమో తెలియదు. బీమా మార్పునకు 14 దినములలో దరఖాస్తు చేయవలెను.

రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో వారే ప్రమాద పరిహారమునకు బాధ్యులని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున పేరు మార్పునకు అమ్మువాడే తొందరపడవలసియున్నది. "తరువాత చూచుకొందము" అనువానిని అనుమానింపవలెను.

3. యంత్ర పరీక్ష

తెలిసిన మెకానిక్కును వెంట గొనిపోవుడు. ఇంజను చల్లగా నున్నపుడే స్టార్టు చేయించవలెను. ముందే వేడిచేసి యుంచిరేని చల్లారువరకు ఆగవలెను. నీలిపొగ విడువక వచ్చుచున్నచో ఇంజను నూనెను కాల్చుచున్నదని యర్థము. నూనె మజ్జిగవలె తెల్లబడినచో అందు నీరు కలిసినది. నాగలిని తగిలించి లిఫ్టు నెత్తి, ఇంజను నాపి చూడవలెను. నాగలి త్వరగా దిగజారినచో హైడ్రాలిక్కులో లోపమున్నది. ఆ సమయమున నాగలి క్రింద చేయిగాని కాలుగాని యుంచరాదు. గంటల మీటరు నొక్కదానినే నమ్మక, పెడళ్ల యరుగుదలను, టైర్లను చూడవలెను. కడపట నొక చాలైన దున్నించి చూడవలెను.

4. పైకము

బండిని చూడక మున్ను ఒక్క రూపాయియు పంపరాదు. సైనికోద్యోగులమనియు, బదిలీయైనదనియు, లారీపై పంపెదమనియు చెప్పి బయానా లాగు మోసగాండ్రు కలరు. మోసము జరిగినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

వెలను ఆర్.సి.లోని యజమాని బ్యాంకు ఖాతాకే చెల్లించి, కొంత భాగమును ఎన్.ఓ.సి. చేతికి వచ్చువరకు నిలిపియుంచవలెను. ఒప్పందపత్రమున బండి నప్పగించిన తేదియేగాక గంటను గూడ వ్రాయించుడు. అంతకు మున్ను జరిగిన ప్రమాదములకును, జరిమానాలకును కొనువాడు చిక్కుపడకుండును.

సంఘ సభ్యులు ఒంటరిగా పోక, ఇరువురు మువ్వురు కలిసిపోవుట మంచిది. ఈ నాలుగింటిలో నేదేని కుదరనిచో, వెల యెంత తక్కువయైనను ఆ బేరమును విడిచిపెట్టుడు. బండి మరియొకటి దొరకును. ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనము పోయినచో మరల దొరకదు.