మాలకైట్: చింతపండు పడని ఆకుపచ్చ రాయి

నోయిడాలోని మా ఇంటికి వచ్చిన అమ్మ, బల్ల మీది ఆకుపచ్చ రాయికి దుమ్ము పట్టిందని రాగి చెంబుతో పాటు దాన్నీ చింతపండుతో తోమింది. చెంబు తళతళలాడింది. రాయి మాత్రం వెలవెలబోయింది. తప్పు అమ్మది కాదు, ముందే చెప్పని నాది.

ఆ రాయి పేరు మాలకైట్. రసాయనికంగా ఇది రాగి కార్బనేట్ హైడ్రాక్సైడ్. బరువులో సుమారు 57 శాతం రాగే. తేమగాలికి రాగి పాత్రల మీద పేరుకునే పచ్చటి చిలుములోనూ తరచుగా ఉండేది ఇదే పదార్థం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది కాబట్టే చెంబు మెరుస్తుంది. చెంబుకైతే చిలుము కింద రాగి ఉంది. మాలకైట్‌కు పైనా లోపలా ఉన్నది ఒకటే పదార్థం. పైపొర కరిగితే సానపట్టిన నునుపు పోతుంది, మళ్లీ సానపడితే తప్ప తిరిగి రాదు.

రాగి నిక్షేపాల పైభాగంలో, గాలీ నీరూ చొరబడే చోట మాలకైట్ ఏర్పడుతుంది. ఢిల్లీకి నైరుతిన రాజస్థాన్‌లో ఉన్న ఖేత్రి వంటి ప్రాంతాల్లో రాళ్ల మీది పచ్చటి మరకలే కింద రాగి ఉందనడానికి ఆనవాలు. విడిగా పెద్ద స్ఫటికాలు అరుదు. సన్నని పోగుల్లాంటి స్ఫటికాలు ద్రాక్షగుత్తుల ఆకారంలో పొరలు పొరలుగా పెరుగుతాయి. కోసి చూస్తే కనిపించే లేత, ముదురు చారలు ఆ పొరలే. రంగు అద్దకం కాదు. రాగి అయాన్లు ఎరుపు కాంతిని పీల్చుకోవడం వల్ల మన కంటికి ఆకుపచ్చ చేరుతుంది. అందుకే నూరినా పొడి పచ్చగానే ఉంటుంది. పూర్వం చిత్రకారులు ఆ పొడినే రంగుగా వాడారు.

ఢిల్లీ ఇళ్లలో దీనికి అసలు శత్రువు దుమ్ము. మోస్ కొలమానంపై మాలకైట్ కాఠిన్యం 3.5 నుంచి 4. దుమ్ములోని పలుగురాయి రేణువులది 7. పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. తర్వాత తడిపి పిండిన గుడ్డతో అద్ది, వెంటనే ఆరబెట్టండి. వెనిగర్, నిమ్మరసం, ఆవిరి, అల్ట్రాసోనిక్ యంత్రం దగ్గరికి రానివ్వకండి. ఉంగరమైతే వంటకు ముందే తీసేయండి, పులుసు కలిపే చేతికి అది తగదు.

ఈ రాయిని తాగునీటి సీసాలో వేసుకునేవారూ ఉన్నారు. అది మానేయాలి. నీళ్లలో నిమ్మకాయ పిండితే రాగి ఇంకా వేగంగా కరుగుతుంది. మోతాదు మించిన రాగి వికారం, వాంతులు తెప్పిస్తుంది. ఇంట్లో కోయడం, అరగదీయడం కూడా వద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం.