వెండి మీద నిప్పు మరక

వెండిని గాలిలో ఎంత కాల్చినా ఆక్సైడుగా మిగలదని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం. అది నిజమే. అమలాపురంలో వెండిపని చేసే ఏ ఆచారిగారిని అడిగినా, కుంపట్లోంచి తీసిన నగ నల్లబడుతుందని చెబుతారు. అదీ నిజమే. ఈ రెండు నిజాలకూ మధ్య ఉన్న చిన్న సంగతి తెలియక పనివాడికి కూలీ పోతోంది, ఒక్కొక్కప్పుడు మాట కూడా పోతోంది. ఆ సంగతిని విద్యార్థి మిత్రుల ముందు ఉంచడానికే ఈ వ్యాసం.

నేను కోనసీమ వాణ్ణి. గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న మా సీమ అనగానే అందరికీ కొబ్బరితోటలు గుర్తొస్తాయి. అమలాపురంలోనూ, వైనతేయ దాటితే రాజోలులోనూ, ఎగువన కొత్తపేటలోనూ బంగారం, వెండి పని చేసే కుటుంబాలున్నాయన్న సంగతి పెళ్లిళ్ల రోజుల్లో తప్ప గుర్తు రాదు. పట్టీలు, మట్టెలు, పసిపిల్లల మొలతాళ్లు, కుంకుమ భరిణెలు, దీపపు కుందులు వీరి చేతి పనులు. యంత్రాల మీద తయారైన సరుకు దుకాణాల్లోకి వచ్చాక చేతిపని తగ్గింది. తగ్గిన పనిలో ఒక్క మచ్చ పడినా నష్టం పెద్దదే.

సెలవుల్లో ఒకనాడు అటువంటి ఒక పనిపాకలో కూర్చుని ఉండగా ఒక పెద్దావిడ కుంకుమ భరిణె పట్టుకొచ్చారు.

"ఏమండీ ఆచారిగారూ, మా అత్తగారి నాటి రూపాయలు కరిగించి చెయ్యమని ఇచ్చాను గదా! ఈ మచ్చలేంటండీ? ఏం కలిపారు ఇందులో?"

"మీ వెండి మీకే ఇచ్చానండమ్మా. తూకం చూసుకోండి. మెరుగు పెడితే పోద్దండి" అన్నారాయన.

మెరుగు పెట్టారు. మచ్చ పోలేదు సరిగదా, మరింత పెద్దదై బయటపడింది. ఊదారంగు కలిసిన బూడిదరంగు మబ్బు తునకలాగ ఉంది. చివరికి ఆయన కూలీలో సగం వదులుకున్నారు. ఆవిడ మాత్రం అనుమానంతోనే వెళ్లారు. కంసాలి చేతిని అనుమానించే సామెతలు మన భాషలో చాలా ఉన్నాయి. వాటికి ఆనాడు ఇంకొక సాక్ష్యం దొరికినట్లయింది. కాని భరిణెలో కొత్తగా చేరింది సీసమూ కాదు, తగరమూ కాదు. గాలిలోని ఆక్సిజన్. ఈ మచ్చని ఇంగ్లీషువారు ఫైర్‌స్టెయిన్ అంటారు. మనం నిప్పు మరక అందాం.

మరక ఎలా పుడుతుంది?

మేలి వెండి చాలా మెత్తన. వస్తువు గట్టిగా నిలవాలంటే అందులో కొంత రాగి ఉండాలి. ఇంగ్లండులో 1300వ సంవత్సరపు చట్టం నాటి నుంచీ నిలిచిన స్టెర్లింగ్ ప్రమాణం ప్రకారం 1000 పాళ్లలో 925 పాళ్లు వెండి. మిగిలిన 75 పాళ్లూ సాధారణంగా రాగే. మన ఇళ్లలోని పాత రూపాయలూ ఇంచుమించు అటువంటివే. 1835 నుంచి కంపెనీవారూ, తరవాత దొరతనంవారూ కొట్టించిన రూపాయి 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం, 11.66 గ్రాములు. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. 1940లో ఆ వెండిని సగానికి తగ్గించారు. అందుకే అనుభవమున్న పనివాడు రూపాయి చేతికివ్వగానే ముందు దానిమీది సంవత్సరం చూస్తాడు.

ఇప్పుడు దీన్ని కుంపట్లో పెడదాం. వెండి ఆక్సైడు సుమారు 200 డిగ్రీలు దాటితే నిలవదు, విడిపోతుంది. కాబట్టి వేడి మీద వెండికి ఆక్సిజన్ అంటుకోదు. కాని లోపలికి దారి మాత్రం ఇస్తుంది! కరిగిన వెండి తన ఘనపరిమాణానికి సుమారు 20 రెట్ల ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు దాన్ని కక్కేస్తుంది. మూసలో మేలి వెండి చల్లారేటప్పుడు తుంపర్లు లేచేది అందుకే. కరగని వెండిలో కూడా, ఎర్రగా కాగినప్పుడు, ఆక్సిజన్ పరమాణువులు లోపలికి పాకుతాయి. అక్కడ వాటికి రాగి ఎదురవుతుంది.

ఉపరితలం మీది రాగి నల్లని క్యూప్రిక్ ఆక్సైడు అవుతుంది. ఇది కంటికి కనబడే నలుపు. పలచని సల్ఫ్యూరికామ్లంలో వేస్తే కరిగిపోతుంది. ఉపరితలం కింద మాత్రం ఎర్రని క్యూప్రస్ ఆక్సైడు రేణువులు వెండిలో ఇరుక్కుని ఏర్పడతాయి. ఆమ్లం వాటిదాకా వెళ్లలేదు. పై నలుపు కరిగిపోయాక రాగి తగ్గిన తెల్లని వెండిపొర ఒకటి పైన మిగులుతుంది. వస్తువు పాలలాగ తెల్లగా కనిపిస్తుంది. సాన పట్టగానే ఆ పలచని పొర అరిగి, కింది మరక బయటపడుతుంది. మెరుగు పెట్టిన కొద్దీ మచ్చ పెద్దదవడంలోని రహస్యం ఇదే.

ఇంట్లో వెండి గిన్నె నాళ్లు గడిచి నల్లబడడం వేరు. అది గాలిలోని గంధక వాయువుల వల్ల ఏర్పడే వెండి సల్ఫైడు. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వెండి దానికి తగిలేలా పెట్టి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే ఆ నలుపు పోతుంది. నిప్పు మరక పోదు. అనుమానం వస్తే వస్తువు పక్కన తెల్లకాగితం పట్టి, దాని నీడ వెండిలో చూడండి. మరక ఉన్నచోట తెలుపు మసకబారి, అంచు తేలుతుంది.

మొదటి నిమిషమే ముఖ్యం

ఇక్కడ భౌతికశాస్త్ర విద్యార్థులకి ఒక లెక్క. ఇలా పాకే ఆక్సిజన్ ఎంత లోతుకి చేరుతుందనేది కాలం యొక్క వర్గమూలాన్ని అనుసరించి ఉంటుంది. ఒకే వేడిలో ఒక నిమిషంలో ఒక పాలు లోతు అయితే, రెండు పాళ్లు కావడానికి నాలుగు నిమిషాలు, మూడు పాళ్లకి తొమ్మిది నిమిషాలు పడుతుంది. అంటే నాలుగు నిమిషాలు కాల్చిన వస్తువులో సగం చెడుపు మొదటి నిమిషంలోనే జరిగిపోయింది! కాబట్టి నలుపు కనబడ్డాక జాగ్రత్త పడితే లాభం తక్కువ. మొట్టమొదటి కాక పెట్టకముందే కాపు వెయ్యాలి. పైగా ఒకసారి పట్టిన మరక తరవాతి కాకలో పోదు. దాని మీద కొత్తది చేరుతుంది. ఒక భరిణెని సాగగొట్టేటప్పుడు మెత్తబరచడానికి పదిసార్లు కాలిస్తే, ఆ పదిసార్ల కాలమూ కలిపి లెక్కకి వస్తుంది.

నివారణ మార్గాలు

మొదటిది పూత. మన పనివారు అతుకు వేసేచోట వెలిగారాన్ని రాతి మీద నీటితో అరగదీసి పెడతారు. టంకం పారడానికి అది చాలు. అయితే రెండు లోపాలున్నాయి. వెలిగారం అతుకు దగ్గరే ఉంటుంది. మిగతా వస్తువంతా గాలికి ఉత్తినే కాలుతుంది. రెండోది, వెలిగారం కరిగేది సుమారు 740 డిగ్రీల దగ్గర. వెండిని మెత్తబరచడానికి 600 నుంచి 650 డిగ్రీలు చాలు. అంటే మెత్తబరిచే వేడికి వెలిగారం ఇంకా పూర్తిగా పాకమే కాదు. బోరికామ్లం అలా కాదు. వేడికి నీరు పోగొట్టుకుని బోరిక్ ఆక్సైడుగా మారి, సుమారు 450 డిగ్రీల దగ్గరే గాజుపొరలాగ పరుచుకుంటుంది. గాలికీ వెండికీ మధ్య ఆ పొరే తెర.

బోరికామ్లం అంటే మరేదో కాదు, హాస్టల్లో క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరే. మందుల షాపులో శుద్ధమైనది దొరుకుతుంది. దాన్ని స్పిరిటులో కలిపి, శుభ్రం చేసిన వస్తువుని పూర్తిగా ముంచి తీసి, సీసాకి దూరంగా తెచ్చి వెలిగిస్తే స్పిరిటు ఆకుపచ్చ మంటతో కాలిపోయి తెల్లని పొడి పూతగా మిగులుతుంది. ఆ ఆకుపచ్చ మంట మనం ప్రయోగశాలలో బోరేటు పరీక్షలో చూసినదే. స్పిరిటు సీసాకి మూత బిగించకుండా మాత్రం నిప్పు దగ్గరికి రాకూడదు. స్పిరిటు వద్దనుకుంటే ఇంకొక పద్ధతి ఉంది. లీటరు వేడినీటిలో బోరికామ్లం 120 గ్రాములు, వెలిగారం 80, ట్రైసోడియం ఫాస్ఫేటు 80 గ్రాములు కరిగించి, కొద్దిగా వేడెక్కిన వస్తువు మీద చల్లుతూ ఆరబెట్టాలి. తెల్లపూత అంతటా సమంగా పట్టేదాకా రెండు మూడుసార్లు చెయ్యాలి. పూత జారిన చోటే మరక పడుతుంది.

రెండోది మంట. సర్రుమని చప్పుడు చేసే కోసు నీలిమంటలో ఆక్సిజన్ మిగులుగా ఉంటుంది. గ్యాసు కొంచెం ఎక్కువ ఇచ్చి, చివర పసుపు కనబడే మెత్తని వెడల్పు మంట వాడాలి. వస్తువు కింద బొగ్గు ఉండాలి. ఈ విషయంలో కోనసీమకి లోటు లేదు. కొబ్బరిచిప్పల బొగ్గు ఎర్రగా రాజుకుంటే చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ని తానే తినేసి కార్బన్ మోనాక్సైడు ఇస్తుంది. పాతకాలపు కుంపటి పనిలో వస్తువుని బొగ్గుల మధ్య కప్పి కాల్చడం వెనక ఉన్న శాస్త్రం ఇదే. గ్యాసు మంట వచ్చాక చాలాచోట్ల బొగ్గుదిమ్మ పోయి ఇటుక వచ్చింది. ఇటుక వేడిని ఓర్చుకుంటుంది గాని ఆక్సిజన్‌ని ఆపదు. ఒక హెచ్చరిక: కార్బన్ మోనాక్సైడు విషం. కిటికీ తెరిచే పని చెయ్యాలి.

మూడోది కాలం, వేడి. నీడగా ఉన్న మూల కూర్చుంటే వెండి మీద తొలి ఎరుపు బాగా కనబడుతుంది. ఎండలో కూర్చుంటే ఆ ఎరుపు కనబడేసరికే వేడి మించిపోతుంది. తొలి ఎరుపు అంతటా రాగానే మంట తియ్యాలి. ఎరుపు పోయాక నీళ్లలో ముంచాలి. ఉక్కుని నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, వెండి మాత్రం మెత్తగానే ఉంటుంది. నిదానంగా చల్లారితేనే రాగి విడిపోయి కొంత గట్టిపడుతుంది.

నాలుగోది అతుకుల లెక్క. అయిదు అతుకులకి అయిదుసార్లు కాల్చే బదులు, వీలైనన్ని ఒకే కాకలో వెయ్యాలి. కాడ్మియం కలిసిన టంకం తక్కువ వేడికే పారుతుంది, నిజమే. కాని దాని పొగ ఊపిరితిత్తులనీ మూత్రపిండాలనీ పాడుచేస్తుంది. మరక తప్పించుకోవడానికి ఊపిరి ఇచ్చుకోనక్కరలేదు.

ఆమ్లం దగ్గర

కాల్చిన వస్తువుని పలచని సల్ఫ్యూరికామ్లంలో గాని, మరిగే పటిక నీళ్లలో గాని వేసి నలుపు తీస్తారు. చింతపండు పులుసు కూడా ఈ పని నెమ్మదిగా చేస్తుంది. ఆమ్లాన్ని నీటిలో పొయ్యాలి, నీటిని ఆమ్లంలో ఎప్పుడూ పొయ్యకూడదు. ఇనుప పట్టుకారు అందులో ముంచకూడదు. ఇనుము కరిగి, ద్రావణంలో ఉన్న రాగి వెండి మీదికి ఎక్కి వస్తువు ఎర్రబడుతుంది. వెదురు పుల్లతో తీస్తే ఆ బాధ లేదు.

మరక పట్టేశాక తియ్యడానికి నిజమైన దారి ఒక్కటే, ఆ పొర మొత్తం అరగదియ్యడం. పొర చాలాసార్లు తలవెంట్రుక మందం కంటే పలచన. అయినా చెక్కడపు పని ఉన్నచోట అరగదీస్తే పనితనమూ అరుగుతుంది, వెండి తూకమూ తగ్గుతుంది. నత్రికామ్లంలో ముంచి తీసేవారూ ఉన్నారు. ఆ గోధుమరంగు పొగ ప్రాణాంతకం. ఇంటి వసారాలో చేసే పని కాదు. మేలి వెండి పూత వేసి దాచేవారున్నారు. నాలుగేళ్లు రాపిడి తగిలే పట్టీల మీద, మట్టెల మీద ఆ పూత నిలవదు.

మరక అసలు పట్టని వెండీ ఉంది. తీగెపనికి వాడే మేలి వెండిలో రాగి దాదాపు ఉండదు కాబట్టి ఆ పనికి ఈ బెడద తక్కువ. ఇక 1990లలో ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ జాన్స్ రాగిలో కొంతభాగం బదులు జెర్మేనియం కలిపి ఆర్జెంటియం అనే మిశ్రమలోహం తయారుచేశారు. జెర్మేనియం తానే ముందు ఆక్సిజన్‌ని పట్టుకుని రాగిని కాపాడుతుంది. అయితే అది కొనుక్కుని చేసే పనికి. అత్తగారి రూపాయలు తెచ్చి ఇచ్చేవారికి ఆ రూపాయల వెండితోనే చెయ్యాలి.

మిత్రులు కావాలంటే చిన్న పరీక్ష చెయ్యవచ్చు. ఒకే రేకు నుంచి మూడు ముక్కలు కత్తిరించండి. ఒకటి ఉత్తినే, ఒకటి వెలిగారం పూసి, ఒకటి బోరికామ్లం పూసి, ఒకే మంట మీద ఒకే కాలం మెత్తబరచండి. ఆమ్లంలో శుభ్రం చేసి, మెరుగు పెట్టి, తెల్లకాగితం పక్కన పట్టి చూడండి. తరవాత ఆ మూడు ముక్కలూ జేబులో వేసుకుని, సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఊరి ఆచారిగారికి చూపించండి. వస్తువు చేయించుకునేవారికి కూడా చూపించండి. భారత ప్రమాణాల సంస్థ 2005 నుంచి వెండికి హాల్‌మార్కు ఇస్తోంది. స్వచ్ఛత తేల్చడానికి ఆ పరీక్ష ఉంది. మచ్చని చూసి మనిషిని తూచడం న్యాయం కాదు. మనం ప్రయోగశాలలో నేర్చుకున్న రెండు వాక్యాలు ఒక పనివాడి కూలీ నిలబెడితే ఆ చదువు సార్థకమైనట్లే.